ట్యాంకులో పనిచేసినవాడు యుద్ధ సినిమా చూస్తే ఏమనిపిస్తుంది

అడిగిన ప్రశ్న ఇది: "యుద్ధ సినిమాల్లో ట్యాంకు సీన్లు చూసి ఆర్మీలో చేరాలని ఉంది. నిజంగా అలాగే ఉంటుందా? ట్యాంకుల మీద పనిచేసిన తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి."

ఉన్నానండి. మాది తెనాలి పక్కన పల్లెటూరు, ఇప్పుడు ఉండేది విజయవాడ సింగ్ నగర్‌లో. 1990ల్లో గుంటూరులో సెలెక్షన్ అయి, అహ్మద్‌నగర్‌లో ట్రైనింగ్ చేసి, సర్వీసంతా టీ-72 ట్యాంకుల మీదే గడిపాను, ఎక్కువకాలం గన్నర్‌గా, చివర్లో కమాండర్‌గా చేసి దఫేదార్‌గా, అంటే ట్యాంకు రెజిమెంట్లలో హవల్దార్ ర్యాంకులో, బయటికొచ్చాను. రెజిమెంట్ పేరు రాయను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తే మంచిది, నేను యుద్ధం చేయలేదు. కార్గిల్ జరిగినప్పుడు సర్వీసులోనే ఉన్నాను గానీ అది కొండల మీద పోరాటం, అక్కడ ట్యాంకులకి పని లేదు. కాబట్టి శత్రువు ట్యాంకుని పేల్చిన కథ కోసం చూస్తుంటే నా దగ్గర దొరకదు. ఈ మాట చెప్పగానే మా చుట్టాల్లో సగం మంది ముఖాలు వాడిపోతాయి. మిగతా సగం "మరి అన్నేళ్ళు ఏం చేశావురా?" అని అడుగుతారు. అదే చెబుతాను.

ముందు సినిమాల సంగతి. మా రెజిమెంట్‌లో ఓపెన్ ఎయిర్‌లో తెర కట్టి 'బోర్డర్' వేశారు. 1997లో వచ్చింది అది, 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున లోంగేవాలాలో జరిగిన పోరాటం మీద తీసిన సినిమా. కుర్రాళ్ళం అందరం ఈలలు, కేకలు. మా వెనక ఒక పెద్ద రిసాల్దార్ సాబ్ కూర్చున్నారు, ట్యాంకులు వరసగా ఇసకలో దూసుకొచ్చే సీన్ వచ్చింది, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఆయన మెల్లగా "ఇంత దుమ్ములో ఎయిర్ క్లీనర్ ఎవడు కడిగాడు?" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాం. ఎడారిలో ఒక సీజన్ గడిపాక నేనూ అదే అడగడం మొదలుపెట్టాను. ఇసక లోపలికి పోతే ఇంజను పోయినట్టే, దాన్ని ఆపే ఆ ఎయిర్ క్లీనర్‌ని విప్పి కడిగి బిగించడం ఎవడికీ ఇష్టం ఉండని పని, అయినా రోజూ చేయాల్సిన పని.

ఆ సినిమాలో నాకు నచ్చని విషయం ట్యాంకులది కాదు. లోంగేవాలాలో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి కంపెనీ, నూటిరవై మంది దాకా, 1971 డిసెంబర్ 4 రాత్రి నుంచి తెల్లారేదాకా నిలబడ్డారు. పాకిస్తాన్ ట్యాంకులు మెత్తటి ఇసకలో కూరుకుపోయాయి, తెల్లవారగానే జైసల్మేర్ నుంచి మన హంటర్ విమానాలు వచ్చి వాటి పని పట్టాయి. మనవాళ్ళు అక్కడ చనిపోయింది ఇద్దరు. తెర మీద చూస్తే వరసపెట్టి పోతూనే ఉంటారు. ఎక్కువమంది బతికి బయటపడటమే ఆ రాత్రి గొప్పతనం కదా, కానీ ఇద్దరి ప్రాణాలు సినిమావాళ్ళకి చాలలేదు. నాకు ఇప్పటికీ అది మింగుడుపడదు.

ఇక ట్యాంకు లోపలికి రండి. సినిమాలో లోపల ఒక చిన్న గది ఉన్నట్టు చూపిస్తారు, హీరో లేచి నిలబడతాడు, పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి అమ్మ గురించి మాట్లాడతాడు. టీ-72లో ముగ్గురమే. ముందు మధ్యలో డ్రైవర్ ఒక్కడు, పైన టరెట్‌లో, అంటే గన్‌తో పాటు తిరిగే పైభాగంలో, గన్‌కి ఎడమ పక్క గన్నర్, కుడి పక్క కమాండర్. మా ఇద్దరి మధ్య 125 ఎంఎం గన్ వెనక భాగం అడ్డం ఉంటుంది. పక్కవాడి భుజం మీద చెయ్యి వేయడం కాదు, ముఖమే సరిగ్గా కనిపించదు. అందుకే మాట్లాడుకునేదంతా ఇంటర్‌కమ్‌లోనే, మెత్తలు కుట్టిన హెల్మెట్, గొంతుకి పట్టీలో మైకు. వెనకాల 780 హార్స్‌పవర్ ఇంజను తిరుగుతుంటే ఎంత గొంతు చించుకున్నా వినపడదు. ఇక డైలాగులంటారా, ఫైర్ ఆర్డర్ అంటే నాలుగు ముక్కలు, ఏ గుండు, ఏ టార్గెట్, ఎంత దూరం, కొట్టు. అంతే. మా స్క్వాడ్రన్‌లో తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం అన్నీ ఉండేవి, తిట్టుకోవడం ఎవరి భాషలో వాళ్ళం, ఆర్డర్లు మాత్రం హిందీ ఇంగ్లీషు కలిపి.

గుండు పేలినప్పుడు బయటివాళ్ళకి వినపడేంత చప్పుడు లోపల ఉండదు. లోపల ఉన్నవాడికి అది ఒక తోపు, ట్యాంకు మొత్తం ఒక్కసారి వెనక్కి కూర్చుంటుంది, గురి చూసే సైట్ రబ్బరుకి నుదురు గట్టిగా ఆనించి ఉంచకపోతే కన్ను కింద వాచిపోతుంది. ఆ వెంటనే బ్యారెల్ తనంతట తానే కొంచెం పైకి లేచి ఆగుతుంది, టరెట్ వెనక చిన్న తలుపు తెరుచుకుని కాలిపోయిన మందు గొట్టం అడుగున మిగిలిన ఇనప ముక్క, స్టబ్ అంటాం, బయటికి ఎగిరిపోతుంది, కింద గుండ్రంగా పేర్చిన 22 గుండ్ల క్యారసెల్ తిరుగుతుంది, ముందు గుండు, దాని వెనకే మందు లోపలికి నెట్టేస్తుంది. గుండ్లు ఎక్కించడానికి లోడర్ అని మనిషే ఉండడు. ఏడెనిమిది సెకన్లలో మళ్ళీ రెడీ. ఆ పొగ కొంచెం లోపలే మిగిలిపోతుంది, మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు విప్పుతుంటే నిలబడ్డట్టు గొంతు పట్టేస్తుంది, అరవలేం, దగ్గుకుంటూనే తర్వాతి టార్గెట్ వెతకాలి. రాజస్థాన్‌లో మే నెల అయితే దీనికి తోడు ఏసీ లేని ఇనప పెట్టె. ఆ ఎండలో పైన ఇనుము మీద అరచెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

సినిమాల్లో రెండు ట్యాంకులు ఎదురెదురుగా, బెంజ్ సర్కిల్లో రెండు లారీలు పోట్లాడుకున్నంత దగ్గర నుంచి కొట్టుకుంటాయి. మేము ప్రాక్టీస్ చేసింది కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల దూరానికి. అసలు మంచి సిబ్బంది అంటే కనపడని సిబ్బంది. గట్టు చాటున ట్యాంకు ఒళ్ళంతా దాచి, టరెట్ పైభాగం మాత్రం కనపడేట్టు పెట్టుకోవడానికి గంటలు గంటలు కష్టపడతాం, దాన్ని హల్ డౌన్ అంటాం. కెమెరాకి అది పనికిరాదు, ఏమీ కనిపించదు కదా. ఇంకో విషయం, తెర మీద ట్యాంకులు జర్రున వెనక్కి పోతుంటాయి. టీ-72 రివర్స్ గేరు గంటకి నాలుగు కిలోమీటర్లు, మీరు పక్కన మామూలుగా నడిస్తే దాన్ని దాటిపోతారు.

తప్పులు పట్టుకోవాలంటే ఇంగ్లీషు సినిమాలూ తక్కువ తినలేదు. 1965లో వచ్చిన 'బ్యాటిల్ ఆఫ్ ది బల్జ్'లో జర్మన్ ట్యాంకులని చూపించినవి అమెరికా వాళ్ళ ఎం-47 ప్యాటన్లు. 2014లో వచ్చిన 'ఫ్యూరీ'లో మ్యూజియం నుంచి జర్మనీ వాళ్ళ అసలు టైగర్ ట్యాంకే తెచ్చి నడిపారు, అది చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది, ట్యాంకే ఇల్లుగా బతికే సిబ్బంది ఎలా ఉంటారో కూడా బాగా పట్టుకున్నారు, కానీ చివర్లో ట్రాక్ తెగి కదలలేని ఒక్క ట్యాంకు వందల మందిని ఆపడం మాత్రం మన హీరోల స్టైలే. నన్ను నిజంగా కదిలించింది 'లెబనాన్' అని 2009లో వచ్చిన ఇజ్రాయెల్ సినిమా. దాని డైరెక్టర్ 1982 లెబనాన్ యుద్ధంలో ట్యాంకు గన్నర్. సినిమా దాదాపు అంతా ట్యాంకు లోపలే, బయటి ప్రపంచం ఏది కనిపించినా గన్నర్ సైట్‌లోంచే. అది చూసిన రోజు మా ఆవిడ "ఏమైంది, ఎందుకు మాట్లాడటం లేదు?" అని రెండు మూడుసార్లు అడిగింది.

ఆ సైట్ గురించి కొంచెం చెప్పాలి. టీ-72 గన్నర్ సైట్ ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఒక గుండ్రటి అద్దం, మధ్యలో గీతలు, అంతకుమించి లోకం లేదు. 2002లో ఎడారిలో ఉన్నప్పుడు పొద్దున్నే సైట్ చెక్ చేస్తూ దూరంగా మన రాజస్థానీ గొర్రెల కాపరి ఒకాయన్ని చూసేవాణ్ణి. మామూలు కంటికి చుక్కంత ఉంటాడు. సైట్‌లో అయితే బీడీ ముట్టించడం, ఆరిపోతే విసుక్కోవడం, ఒక మేక మాట వినకపోతే దానితో పోట్లాట పెట్టుకోవడం అన్నీ కనిపించేవి. దూరం కొలిచే లేజర్ మాత్రం నొక్కకూడదు, ఎదుటివాళ్ళ కళ్ళు పోతాయి, అందుకని వేలు దానికి దూరంగా పెట్టుకుని ఊరికే చూసేవాణ్ణి. ఆయనకి నేను ఉన్నట్టే తెలియదు. మన మనిషే, ఏ ప్రమాదమూ లేదు, అయినా ఆ గీతల మధ్య మనిషి తల కనిపించడం ఒకలాగా ఉండేది. ఇన్ని యుద్ధ సినిమాలు చూశాను, ఆ ఒక్క సినిమాలో తప్ప దీన్ని ఎక్కడా పట్టుకోలేదు.

2002 ఎందుకన్నానంటే, అదే నా సర్వీసులో పెద్ద సంగతి. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది, కొద్దిరోజుల్లోనే సైన్యం మొత్తం సరిహద్దుకి కదిలింది, ఆపరేషన్ పరాక్రమ్ అని. మా ట్యాంకుల్ని రైలెక్కించాలి. ట్యాంకు రైలెక్కడం ఎప్పుడైనా చూశారా? వ్యాగన్ కంటే ట్యాంకు వెడల్పు ఎక్కువ, రెండు పక్కలా ట్రాకులు కొంచెం బయటికి వేలాడతాయి. చివరి వ్యాగన్ మీదికి ర్యాంపు ఎక్కి, ఒక వ్యాగన్ మీద నుంచి ఇంకో దాని మీదికి దాటుకుంటూ రైలు పొడుగునా నడుపుకుంటూ ముందుకెళ్ళాలి. నలభై ఒక్క టన్నుల బరువు. డ్రైవర్‌కి తన ట్రాకులు కనపడవు, ఎదురుగా వెనక్కి నడుస్తూ టార్చితో సైగ చేసే మనిషి చేతులే దిక్కు. డిసెంబర్ అర్ధరాత్రి, చలికి నోట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి, నేను టార్చి పట్టుకుని వ్యాగన్ల మీద వెనక్కి నడుస్తున్నాను, మా డ్రైవర్ శ్రీకాకుళం అబ్బాయి, నా చేతుల మీద నుంచి కళ్ళు తిప్పడం లేదు, ఒక వేలంత ఎడమకంటే ఒక వేలంత కదిలిస్తున్నాడు. చెక్క దిమ్మలు కొట్టి, గొలుసులు బిగించి, ఆ తర్వాత ఇద్దరం టీ తాగుతుంటే వాడి చేతులు వణుకుతూ గ్లాసులో టీ తొణికింది. నా దృష్టిలో వాడు ఆ రాత్రి చేసినదానికి ఒక ఫైట్ సీన్ ఇవ్వొచ్చు. ఎవరూ తీయరు.

అక్కడికెళ్ళాక ఎదురుచూపే. ఇవాళ కదులుతామంటారు, రేపంటారు. మే 14న జమ్మూ దగ్గర కాలూచక్‌లో జవాన్ల కుటుంబాల మీద దాడి జరిగాక ఇక ఖాయం అనుకున్నాం, ఇంటికి ఉత్తరాలు కూడా రాసిపెట్టుకున్నాం. మళ్ళీ ఏమీ లేదు. ఎండలు, ఇసక తుఫాన్లు, ట్రాకు పిన్నులు మార్చడం, బ్యారెల్‌లోకి పొడుగాటి రాడ్డు పెట్టి అందరం కలిసి తోస్తూ శుభ్రం చేయడం, బ్యాటరీలు, ఆయిలు, గ్రీజు. ఎప్పుడు పిలిచినా స్టార్ట్ కావాలి, అంతే మా పని. అక్టోబర్‌లో వెనక్కి రమ్మన్నారు. యుద్ధం జరగలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకుంటారు జనం. మన మందుపాతరలు మనవాళ్ళ మీదే పేలి, ప్రమాదాల్లో, ఆ కొన్ని నెలల్లో వందలమంది జవాన్లు పోయారు. వాళ్ళ మీద సినిమా రాదు, ఎవర్ని విలన్‌గా పెడతారు?

ఇంకో ఫిర్యాదు ఉంది నాకు. ట్యాంకు అంటే ఒక హీరో కాదు, సిబ్బంది. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ 21 ఏళ్ళకే 1971 డిసెంబర్ 16న బసంతర్ నది దగ్గర పాకిస్తాన్‌తో పోరాటంలో చనిపోయారు, ట్యాంకు అంటుకుంది, వదిలేసి రమ్మన్నా నా గన్ ఇంకా పనిచేస్తోందని రాలేదు, పరమవీర చక్ర ఇచ్చారు, ఇవ్వాల్సిందే. అది సెంచూరియన్ ట్యాంకు, అందులో నలుగురు. రేడియో ఆపరేటర్ నంద్ సింగ్ కూడా ఆ రోజే పోయాడు. గన్నర్, డ్రైవర్ కూడా ఆ మంటల్లోనే ఉన్నారు కదా, వాళ్ళు చెయ్యి కదిపితేనే కదా గుండు పేలేది. ఆ పేర్లు ఎంతమందికి తెలుసు? ట్రైనింగ్‌లో ఈ కథ విన్నప్పుడు మా బ్యాచ్ మొత్తం ఆఫీసర్ గురించి ఆలోచిస్తుంటే నాకు మాత్రం గన్నర్ గురించే ఆలోచన, అప్పటికి నేను గన్నర్ అవుతానని కూడా తెలియదు.

మా ఊళ్ళో వాళ్ళు ఒక సరదా ప్రశ్న వేస్తుంటారు, మన తెనాలి పొలాల్లోకి ట్యాంకు వస్తే ఎలా ఉంటుందని. వరి పొలానికి నీళ్ళు పెట్టిన రోజుల్లో వస్తే పొట్టదాకా దిగబడి అక్కడే ఉండిపోతుంది, తీయడానికి ఇంకో రెండు ట్యాంకులు కావాలి. నవ్వుతారు గానీ 1965 సెప్టెంబర్‌లో పంజాబ్ అసల్ ఉత్తర్ దగ్గర జరిగింది ఇదే. మనవాళ్ళు పొలాల్లోకి నీళ్ళు వదిలారు, పాకిస్తాన్ వాళ్ళ కొత్త ప్యాటన్ ట్యాంకులు బురదలో ఇరుక్కున్నాయి, చెరుకు తోటల్లో దాక్కున్న మన సెంచూరియన్లు, జీపు మీద గన్ పెట్టుకున్న అబ్దుల్ హమీద్ లాంటివాళ్ళు వాటిని ఏరేశారు. రైతు కొడుకుని కాబట్టేమో, అన్ని యుద్ధాల్లోకీ నాకు తేలిగ్గా అర్థమయ్యేది అదే.

ఇక 2022 తర్వాత సినిమాలకంటే ఎక్కువ బాధపెడుతున్నది ఫోన్లో వచ్చే వీడియోలు. ఉక్రెయిన్‌లో ట్యాంకు పేలి టరెట్ చెట్టంత ఎత్తు ఎగరడం మీరూ చూసే ఉంటారు. వాటిలో చాలా భాగం టీ-72లే, రెండు పక్షాల దగ్గరా అవే ఉన్నాయి. గుండ్లూ మందూ గన్నర్, కమాండర్ కాళ్ళ కిందే ఉంటాయని పైన చెప్పాను కదా, అక్కడ దెబ్బ తగిలితే అలా ఎగురుతుంది. గుంటూరులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా అన్న కొడుకు "బాబాయ్, భలే ఎగిరింది చూడు" అని ఫోను చేతికిచ్చాడు, కింద మ్యూజిక్ కూడా పెట్టారు ఎవరో. వాణ్ణి ఏమీ అనలేదు. ఎడమ పక్క సీటు నాది, కుడి పక్క కమాండర్‌ది, ముందు ఆ శ్రీకాకుళం అబ్బాయిది అని మాత్రం చూపించాను. వాడు ఫోను జేబులో పెట్టేసి పెరుగు వడ్డించుకున్నాడు.

సరే, మీ అసలు ప్రశ్న, చేరాలా వద్దా. సినిమా చూసి చేరడం తప్పని నేను అనను, మాలో సగం మంది అలాగే వచ్చారు, మిగతా సగం జీతం కోసం, నేను రెండో రకం, మా నాన్నకి కౌలు పొలం. వచ్చాక ఎవడు ఎందుకొచ్చాడన్నది ఎవరూ పట్టించుకోరు, ట్రాకు బిగించడానికి చెయ్యి వేశాడా లేదా అన్నదే చూస్తారు. కానీ ఇప్పుడు పద్ధతి వేరు. 2022 నుంచి అగ్నిపథ్ కింద తీసుకుంటున్నారు, నాలుగేళ్ళు, ఆ తర్వాత నూటికి 25 మందిని మాత్రమే రెగ్యులర్‌గా ఉంచుతారని అప్పట్లో ప్రకటించారు. కోచింగ్ అకాడమీలు నడిపేవాళ్ళు ఈ లెక్క గట్టిగా చెప్పరు. మీ ఊరి అబ్బాయి ఒకడు ఉండిపోతే ఫ్లెక్సీ కడతారు, తిరిగొచ్చిన ముగ్గురి గురించి మాట్లాడరు. అందుకే డిగ్రీ ఏదో దూరవిద్యలో అయినా సాగించండి, నాలుగేళ్ళ తర్వాత ఏం చేయాలో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. 1.6 కిలోమీటర్ల పరుగు మీద ఎలాగూ దృష్టి ఉంటుంది, పళ్ళు, చెవులు, కళ్ళు కూడా ముందే చూపించుకోండి, పరుగులో నెగ్గి మెడికల్‌లో వెనక్కొచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ట్యాంకులే కావాలని అడిగినా అదే ఇస్తారని గ్యారంటీ లేదు. ఆరడుగుల పైన ఉంటే టీ-72 ఆశ వదులుకోవడమే మంచిది, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. చెవుల గురించి మాత్రం చిన్నప్పటి నుంచే జాగ్రత్త, నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు, టీవీ సౌండ్ గురించి ఇంట్లో రోజూ గొడవే. ఒకసారి దగ్గర నుంచి ట్యాంకులు చూసి నిర్ణయించుకుందామంటే అహ్మద్‌నగర్‌లో ట్యాంకు మ్యూజియం ఉంది, ఊరి పేరు ఇప్పుడు అహిల్యానగర్ అయింది, దౌండ్‌లో రైలు మారి వెళ్ళొచ్చు. అక్కడ ప్యాటన్ ఉంటుంది, సెంచూరియన్ ఉంటుంది, మన ఆవడిలో తయారైన విజయంత ఉంటుంది. ఎండాకాలం వెళ్ళకండి, మధ్యాహ్నం అసలు వెళ్ళకండి. వెళ్తే మీ నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి, అడగాల్సిన ప్రశ్నలు ఆయనకే ఎక్కువ ఉంటాయి.